ఉన్నత పాఠశాలలో సహిత విద్య

ఉదయగిరి కొండ క్రింది పల్లెనుండియో, ఆత్మకూరు ప్రక్క గ్రామమునుండియో ఉన్నత పాఠశాలకు వచ్చు ఒక బాలికను తలంచుకొందము. ఆమెకు చెవులు సరిగా వినబడవు. ప్రాథమిక పాఠశాలలో ఉన్నది ఒకరిద్దరు ఉపాధ్యాయులే గనుక వారికి ఆమె సంగతి తెలియును. ముందు వరుసలో కూర్చుండబెట్టి, ఆమె వైపు ముఖము త్రిప్పి మాటలాడిరి. ఆరవ తరగతికి వచ్చినంతనే గంటగంటకు ఉపాధ్యాయులు మారుదురు. లెక్కల అయ్యవారు నల్లబల్లవైపు తిరిగి చెప్పుకొనిపోవుదురు. వారి పెదవులు ఆమెకు కనబడవు. రెండు నెలలలో ఆ పిల్ల మందమతి యని పేరుపడును. ఇందులో ఎవరి దుర్బుద్ధియు లేదు. ఆమె సంగతి చెప్పువారు లేకపోయిరి, అంతే.

ఆ చెప్పువారే సహిత విద్యా ఉపాధ్యాయులు. వీరు వేరుగా ఒక తరగతి నడుపుదురని పలువురు తలంతురు గాని, వీరి పనిలో పెద్దభాగము తోడి ఉపాధ్యాయులతోనే ఉండును. ఏ పిల్లను ఎచ్చట కూర్చుండబెట్టవలెను, ఎవరికి పాఠము పెద్ద అక్షరములలో వ్రాసి ఈయవలెను అను చిన్న విషయములే బిడ్డను బడిలో నిలుపును. మన రాష్ట్రమున మండలములందు భవిత కేంద్రములు సమగ్ర శిక్ష క్రింద నడచుచున్నవి. అవయవములకు వ్యాయామచికిత్స అచ్చటనే జరుగును. బడికి రాలేనంత వైకల్యముగల బిడ్డల యింటికి ఉపాధ్యాయులే పోవుదురు.

వికలాంగ బాలల విద్యకు కేంద్ర ప్రభుత్వ పథకము 1974లోనే మొదలైనను, 9నుండి 12వ తరగతివరకు ప్రత్యేకించిన పథకము 2009లో గాని రాలేదు. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములనే గుర్తించెను. 2016 చట్టమున అవి ఇరువదియొకటి అయినవి. అట్లు చేరినవానిలో అభ్యసన వైకల్య మొకటి. ఇది కంటికి కనబడని బాధ. బాలుడు నోటితో అడిగిన చక్కగా సమాధానము చెప్పును. వ్రాయుమన్న ఒత్తులు, గుణింతములు తారుమారగును. వానిని సోమరియని దండించుటకంటె అన్యాయము వేరొకటి లేదని మా అభిప్రాయము.

ఉదయగిరి ప్రాంతమునకు మరియొక చిక్కు కలదు. అచ్చటి భూగర్భజలమందు ఫ్లోరైడు అధికమను మాట జిల్లావాసులకు క్రొత్తగాదు. ఆ నీరు చిన్ననాటినుండి ఏండ్లతరబడి త్రాగినచో మోకాళ్లు వంకరపోవచ్చును. అట్టి బిడ్డకు మెట్లప్రక్కన వాలుబాట, కూర్చుండి వాడుకొనదగిన మరుగుదొడ్డి, ఈ రెండును పాఠ్యపుస్తకమంత ముఖ్యము.

చూపులేని విద్యార్థులకు 1951లో దేశమంతటికి ఒకే విధముగా ఏర్పడిన భారతీ బ్రెయిలు కలదు. తెలుగును చేతివ్రేళ్లతో చదువవచ్చును. రేడియోగల యిండ్లలో పాఠము చెవితో నేర్చుకొనుట వింతగాదు గదా! పరీక్షలో ఇట్టివారి తరఫున వ్రాయుటకు లేఖరిని ఈయవలెననియు, గంటకు ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ అదనపు కాలము ఈయవలెననియు 2018 కేంద్ర మార్గదర్శకములు నిర్దేశించినవి. మూడు గంటల పరీక్షకు ఒక గంట అధికముగా దొరకునన్నమాట.

చిక్కంతయు ధ్రువపత్రముతోనే. నలుబదిశాతమునకు తక్కువ గాని వైకల్యము కలదని వైద్యులు తేల్చినగాని చట్టమందలి పెక్కు సౌకర్యములు అందవు. సదరం శిబిరమునకు ముందుగా తేదీ తీసికొని పోవలెను. ఉదయగిరినుండి నెల్లూరు దాదాపు నూరు కిలోమీటర్లు. నడువలేని బిడ్డను ఎత్తుకొని బస్సెక్కు తల్లికి ఆనాటి కూలి పోవును. పని ముగియనిచో మరునాటిదియు పోవును. ఆడపిల్లలకు సమగ్ర శిక్షక్రింద నెలకు 200 రూపాయల వంతున పదినెలలు ఉపకారవేతనము కలదు గాని, అది ఈ ప్రయాణముల నష్టమునకు సరితూగునా యని సందేహము.

అందుచేత తల్లిదండ్రులు పదవ తరగతి వచ్చువరకు ఆగరాదు. తొమ్మిదవ తరగతిలోనే ఆ పత్రము సంపాదించి, ప్రధానోపాధ్యాయులకు ఒక నకలు ఇచ్చి, లేఖరి కావలెనో అదనపు కాలము చాలునో వ్రాతమూలకముగా తెలుపవలెను. పరీక్షకు పేర్లు పంపిన పిమ్మట అడుగబోయినచో, అడిగిన సౌకర్యము న్యాయమైనదే యైనను, ఏర్పాటు చేయుటకు కాలము చాలకపోవచ్చును.