వారానికో ఇంజెక్షన్.. ఈవెంట్స్‌కు దగ్గరి దారి కాదు!

నోటిఫికేషన్ రావడమే ఆలస్యం, మన దృష్టి సిలబస్ మీద ఎంత ఉంటుందో అద్దం మీదా అంతే ఉంటుంది. పోలీస్ కొలువుకు ఈవెంట్స్ ఉన్నాయి, కేబిన్ క్రూ లాంటి కొన్ని ఉద్యోగాలకు బీఎంఐ చూస్తారు, ఇంటర్వ్యూకు ఫార్మల్స్ వేసుకుంటే పొట్ట కనిపిస్తోంది.. ఇలా సాగుతాయి ఆలోచనలు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన పలకరిస్తుంది: ఇంట్లోంచే డాక్టర్, ఇంటికే మందు, వారానికి ఒక్క ఇంజెక్షన్!

ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, మేడిపల్లి వైపు వరంగల్ హైవే పొడవునా హాస్టళ్లలో ఉంటూ పోటీపరీక్షలకు చదువుతున్నవాళ్లలో మీరూ ఒకరైతే, ఆర్డర్ పెట్టే ముందు ఈ లెక్కలు ఒక్కసారి చూడండి.

అసలు ఇవేం మందులు?

మనం తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇక చాలు అని మెదడుకు చెప్పేది, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చూసేది, ఇన్సులిన్ విడుదలకు సాయపడేది ఇదే. అయితే ఇది కొన్ని నిమిషాల్లోనే కరిగిపోతుంది. దీన్ని పోలి ఉండి, ఒంట్లో రోజుల తరబడి నిలిచేలా తయారుచేసిన మందు సెమాగ్లుటైడ్. అందుకే వారానికి ఒక ఇంజెక్షన్ సరిపోతుంది. టిర్జెపటైడ్ అయితే జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో హార్మోన్ పనీ చేస్తుంది. మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో, బరువు తగ్గేందుకు ఇచ్చే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో వెగోవీ పేరుతో వచ్చాయి.

ఈ మందులు పనిచేస్తాయా అంటే, చేస్తాయి. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో సెమాగ్లుటైడ్ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవారు తగ్గింది 2.4 శాతమే. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. 68 వారాలంటే సుమారు 16 నెలలు. పైగా రెండు బృందాల వాళ్లూ ఆహారం తగ్గించారు, వ్యాయామమూ చేశారు.

ఈవెంట్స్‌కు రెండు నెలలే ఉంటే?

ఈ మందును మొదటి రోజే పూర్తి డోసులో ఇవ్వరు. వెగోవీనే తీసుకోండి. మొదటి నాలుగు వారాలు 0.25 మిల్లీగ్రాములు. ఆ తర్వాత నాలుగేసి వారాల చొప్పున 0.5, 1, 1.7. పూర్తి డోసైన 2.4కు చేరేది 17వ వారంలో. అంటే డోసు పెంచుకుంటూ వెళ్లడానికే నాలుగు నెలలు పడుతుంది. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ ఈ డోసు పెంచే రోజుల్లోనే. తెల్లారి లేచి గ్రౌండ్‌కు పోవాల్సిన సమయంలో తిన్నది ఒంటికి పట్టకపోతే పరుగెలా సాగుతుంది?

ఇంకో మాట. తెలంగాణ పోలీస్ 2022 నోటిఫికేషన్‌లో పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని పెట్టారు. దాంతోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్. ఇవన్నీ కండబలం, దమ్ము అడిగే పరీక్షలు. ఇంజెక్షన్‌తో తగ్గే బరువంతా కొవ్వే కాదు, కొంత కండ కూడా పోతుంది. సరిపడా ప్రొటీన్, బరువులతో వ్యాయామం లేకపోతే కాటా మీద అంకె తగ్గినా గ్రౌండ్‌లో వెనకబడతారు.

మానేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. పైన చెప్పిన అధ్యయనంలో కొందరిని మందు ఆపాక ఏడాది పాటు గమనించారు. తగ్గిన బరువులో సగటున మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. ఊబకాయం బీపీ, షుగర్‌లా దీర్ఘకాలం చూసుకోవాల్సిన జబ్బు. ఒక్క ఇంటర్వ్యూ కోసం వాడి పక్కన పడేసే మందు కాదిది. ఖర్చు సంగతీ చూసుకోండి. విడుదలైనప్పుడు మౌంజారో 5 మిల్లీగ్రాముల వయల్ ధర రూ.4,375. నెలకు నాలుగంటే రూ.17,500. సెమాగ్లుటైడ్‌పై మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చితో ముగిసింది కాబట్టి ధరల్లో పోటీ పెరుగుతుంది. అయితే చవకైనంత మాత్రాన అది అందరికీ అవసరమైన మందు అయిపోదు.

ఎవరికి అవసరం?

సాధారణంగా బీఎంఐ 30 లేదా అంతకు మించి ఉన్నవారికి, లేదా 27 దాటి షుగర్, బీపీ వంటి సమస్య ఏదైనా ఉన్నవారికి వీటిని సూచిస్తారు. 170 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువు ఉంటే బీఎంఐ దాదాపు 26. ఇలాంటివాళ్లు ముందు ఆశ్రయించాల్సింది తిండి, నిద్ర, నడకనే. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ మీకు గానీ మీ కుటుంబంలో గానీ ఉంటే ఈ మందులు వద్దు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారూ వాడకూడదు. పాంక్రియాస్ వాపు, పిత్తాశయంలో రాళ్ల చరిత్ర ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

నిజంగా అవసరం ఉన్నవారు మాత్రం సిగ్గుపడాల్సిన పని లేదు. బరువు క్రమశిక్షణ లేకపోవడానికి గుర్తేమీ కాదు. ధైర్యంగా డాక్టర్‌ను కలవండి.

ఆన్‌లైన్‌లో అయితే ఇవి చూడండి

ఆన్‌లైన్ వైద్యం చట్టవిరుద్ధం కాదు. దానికి 2020 మార్చి 25న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మీరు గమనించాల్సినవి:

• మందుల చీటీ మీద డాక్టర్ పేరుతో పాటు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి.

• కృత్రిమ మేధ సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు. ఫారం నింపగానే చీటీ వచ్చేసిందంటే అనుమానించాల్సిందే.

• జబ్బేంటో నిర్ధారించకుండా మందు రాస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. మీ బరువు, ఎత్తు, రక్తపరీక్షలు, కుటుంబ చరిత్ర అడగని డాక్టర్ మీకు వద్దు.

• ఊబకాయాన్ని తగ్గిస్తామని మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. రీల్ చూసి మందు ఎంచుకోకండి.

• పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టనీయకూడదు. హాస్టల్‌లో ఫ్రిజ్ ఉందా? ఎండాకాలం కొరియర్‌లో చల్లగానే వచ్చిందా? చూసుకోండి. సూది మార్చినా సరే, ఒకరి పెన్ను మరొకరు వాడకూడదు.

• ఇబ్బంది ఏదైనా వస్తే డాక్టర్‌కు చెప్పండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం హెల్ప్‌లైన్ 1800-180-3024.

ఇదే అంశం.. కొలువుగా!

ఇదే ఇంజెక్షన్ మీకు మరోవిధంగానూ పనికొస్తుంది. దీని చుట్టూ ఉన్న పరిశ్రమ మీ ఇంటి పక్కనే ఉంది. నాచారం పారిశ్రామికవాడలో ఔషధ పరిశోధన సంస్థ అరాజెన్, హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. డాక్టర్ రెడ్డీస్, నాట్కో సంస్థల ప్రధాన కార్యాలయాలు హైదరాబాద్‌లోనే. మౌంజారో తయారీదారు ఎలీ లిల్లీ కూడా 2025లో ఇక్కడ గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ ప్రారంభించింది.

బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివినవారికి దుష్ప్రభావాలను విశ్లేషించే ఫార్మకోవిజిలెన్స్, కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ వారికి నాణ్యత పరీక్షలు, న్యూట్రిషన్ వారికి డైట్ కౌన్సెలింగ్, నర్సింగ్ వారికి రోగులకు ఇంజెక్షన్ వాడకం నేర్పే పని, ఇంజినీర్లకు టెలిమెడిసిన్ సాఫ్ట్‌వేర్, శీతల రవాణా వంటి దారులున్నాయి. జీఎల్‌పీ-1 ఎలా పనిచేస్తుందో, డోసు ఎందుకు మెల్లగా పెంచుతారో రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా సిద్ధమవ్వండి. ఫార్మా ఇంటర్వ్యూలో మీ రెజ్యూమె కంటే ఈ జవాబే ఎక్కువ మాట్లాడుతుంది.

ఈవెంట్స్‌కు వెళ్లేవారు మాత్రం ఈ రోజు సాయంత్రం నుంచే మొదలుపెట్టండి. షూ లేసు కట్టుకుని మెల్లగా రెండు కిలోమీటర్లు పరుగెత్తండి, రాత్రి భోజనంలో అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు పెంచండి. దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు.