కత్తి పెట్టకముందు రెండు వారాలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఆస్పత్రుల బోర్డులు చూసుకుంటూ వచ్చే రోగికి సర్జన్ పేరు తెలుస్తుంది, మత్తు డాక్టరు పేరు తెలియదు. అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఉంటే మాత్రం ఆపరేషన్ భారంలో సగం ఆ పేరు తెలియని మనిషిదే. కిడ్నీ నెత్తిన కూర్చునే ఈ గడ్డ అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌లను ఇష్టమొచ్చినట్టు రక్తంలోకి వదులుతుంది. సర్జన్ చెయ్యి తగిలితే చాలు, బీపీ 200 దాటొచ్చు. గడ్డ సిరను ముడి వేయగానే ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీ చూస్తూ, దించే మందూ పెంచే మందూ రెండూ సిద్ధంగా ఉంచుకుంటారు.

అయినా అసలు పని బల్ల ఎక్కకముందే జరగాలి. ప్రాజోసిన్ వంటి ఆల్ఫా బ్లాకర్లు 7 నుంచి 14 రోజులు వాడితే బిగుసుకున్న రక్తనాళాలు సడలుతాయి. దడ తగ్గించే బీటా బ్లాకర్ ఆ తర్వాతే. ముందుగా ఇస్తే బీపీ మరింత ఎగబాకుతుంది. బీపీ అనగానే ఆవకాయ మానెయ్యమనే డాక్టర్లే ఇక్కడ, ఆల్ఫా మందు పట్టాక, గుండె బాగుంటే ఉప్పూ నీళ్లూ పెంచమంటారు. సడలిన నాళాలు నిండాలి కదా! ఇన్నాళ్లు ఆగడం దేనికి, 1926లో రూ, మేయో అనే సర్జన్లు ఈ మందులేవీ లేకుండానే గడ్డలు తీశారుగా అనొచ్చు. తీశారు, ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎందరో బల్ల మీదే పోయారు కూడా. ఆల్ఫా మందు అక్కర్లేదని జర్మనీలో కొందరు నిపుణులు ఇప్పుడు వాదిస్తున్నారు. వాళ్లవి ఇలాంటి కేసులు తరచూ చేసే కేంద్రాలు. అరుదుగా చేసేచోట ఆ ధైర్యం చెల్లదు. ఉండుండి తలనొప్పి, చెమటలు, దడ ఒకేసారి వస్తుంటే అది ఈ గడ్డ వల్ల కావొచ్చు కాబట్టి, మీకు చేసేది ఎంత చిన్న ఆపరేషనైనా, ఆ సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పండి.