బయట 2008 నాటి ల్యాప్‌టాప్.. లోపల కొత్త ప్రాసెసర్! అసలు ఎలా సాధ్యం? పాత బాడీలో కొత్త పార్టులు పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

చూడ్డానికి అటక మీద నుంచి దించిన పాత నల్ల ల్యాప్‌టాప్. లోతుగా దిగే కీలు, మధ్యలో ఎర్రటి బుడిపె. కానీ స్విచ్ వేస్తే క్షణాల్లో ఆన్ అయిపోతుంది. కారణం సింపుల్.. బాడీ పాతదే, లోపల మదర్‌బోర్డు మాత్రం కొత్తది.

ఈ పనిలో బాగా పేరు తెచ్చుకుంది చైనాకు చెందిన 51ఎన్‌బీ అనే ఔత్సాహికుల బృందం. 2008లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్200, 2010 నాటి ఎక్స్201 బాడీల్లో సరిగ్గా కూర్చునేలా ఎక్స్210 అనే బోర్డు తయారుచేసింది. ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్, డీడీఆర్4 ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అన్నీ అందులోనే. ఆ కీబోర్డు మీద మోజుతోనే చాలామంది దీన్ని కొన్నారు. మోజు అంటే మోజే మరి!

ఇప్పుడు ఈ చర్చ ఎందుకంటే.. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం లేదా ఆ పైది ఉండాలి. దాంతో ఖమ్మం నుంచి చర్ల, దుమ్ముగూడెం దాకా ఎన్నో ఇళ్లలో బాగానే పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లు ఒక్కసారిగా 'పాతవి' అయిపోయాయి. బాడీ ఉంచి లోపలిది మార్చేస్తే పోలా? అనిపించడం సహజమే.

చిక్కు ఎక్కడంటే..

ప్రతి మోడల్‌కీ రెడీమేడ్ బోర్డు దొరకదు. అప్పుడు రాస్ప్‌బెర్రీ పై 5 లాంటి చిన్న బోర్డును పాత బాడీలో బిగిస్తారు. మొదటి తలనొప్పి స్క్రీన్‌తోనే. పాత స్క్రీన్లు ఎల్‌వీడీఎస్ అనే పద్ధతిలో సిగ్నల్ తీసుకుంటాయి, కొత్త బోర్డు ఇచ్చేది హెచ్‌డీఎంఐ. మధ్యలో కంట్రోలర్ బోర్డు పెట్టాల్సిందే. స్క్రీన్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబర్ చూసి, దానికి సరిపోయేదే కొనాలి. నంబర్ తప్పితే డబ్బులు దండగ. ఇక 2008 ప్రాంతపు చాలా స్క్రీన్లలో వెలుగిచ్చేది ఎల్‌ఈడీ కాదు, సన్నని ట్యూబ్‌లైట్. దాన్ని వెలిగించే ఇన్వర్టర్‌లో వందల వోల్టులు ఉంటాయి. కరెంట్ ఉండగా చెయ్యి పెట్టారో, షాక్ ఖాయం.

కీబోర్డు రిబ్బన్ కూడా నేరుగా కలవదు. దాన్ని యూఎస్‌బీకి మార్చే చిన్న చిప్‌కు ప్రోగ్రామ్ రాయాలి. పాత అడాప్టర్ ఇచ్చేది 19-20 వోల్టులు, రాస్ప్‌బెర్రీకి కావాల్సింది 5 వోల్టులు. మధ్యలో కన్వర్టర్ లేకుండా గుచ్చితే బోర్డు ఆవిరే!

అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. రాస్ప్‌బెర్రీ పై చిప్ 80 డిగ్రీలు దాటితే తానే స్పీడ్ తగ్గించేసుకుంటుంది. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలంలో బయటే 45 డిగ్రీలు కొడుతుంటే, మూసేసిన ప్లాస్టిక్ డబ్బాలో పరిస్థితి ఊహించుకోవచ్చు. అందుకే పాత ఫ్యాన్ దారిని మూసేయకుండా, చిప్ నుంచి గాలి బయటికెళ్లే రంధ్రాల దాకా దారి వదలాలి.

పార్టులు ఎక్కడ?

ఏజెన్సీ ఊళ్లలో ఇవి దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా సికింద్రాబాద్ సీటీసీ దుకాణాల్లో వెతుక్కోవాలి. భద్రాచలం వాళ్లు రైలెక్కాలన్నా ముందు గోదావరి దాటి కొత్తగూడెం రావాలి. 'భద్రాచలం రోడ్' స్టేషన్ ఉన్నది అక్కడే కదా!

చదువుకో, ఆఫీసు పనికో ల్యాప్‌టాప్ కావాలనుకునేవాళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు. పాత హార్డ్‌డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ పెంచి, తేలికపాటి లినక్స్ ఎక్కిస్తే బ్రౌజర్, టైపింగ్, వీడియో పాఠాలకు చాలావరకు సరిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో గంటలో అయ్యే పని. బోర్డు మార్పిడి సరదా ఉన్నవాళ్లకే.

ఏది చేసినా బ్యాటరీ జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లాలి. ఏళ్ల తరబడి మూలన పడున్న లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, సెల్స్ విప్పి సొంతంగా సోల్డరింగ్ చేయొద్దు. మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. దాన్ని తీసేసి, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయాలి. ల్యాప్‌టాప్‌ను నేరుగా అడాప్టర్ మీద నడుపుకోవచ్చు. కరెంట్ పోతే ఆగిపోతుంది, అంతే.