కరువు యాసంగిలో చివరి ఆయకట్టు: తుంగతుర్తి ప్రాంతంలో పంటల ప్రణాళిక – నీటి లెక్క

తుంగతుర్తి ప్రాంతం శ్రీరాంసాగర్ రెండో దశ ఆయకట్టులోనిది. కాకతీయ కాలువ 284వ కిలోమీటరు దాటిన తరువాతే ఈ దశ ఆరంభమవుతుంది. అందువల్ల ఎగువన ఏ కొరత ఏర్పడినా దాని భారం తొలుత ఇక్కడే పడుతుంది. కోదాడ, మిర్యాలగూడలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కిందివి. అంటే పొరుగునే ఉన్నా వాటి ఆధారం కృష్ణా జలం, తుంగతుర్తిది గోదావరి జలం. 2023 ఆగస్టు దేశంలో 1901 తరువాత అత్యల్ప వర్షపాతం గల ఆగస్టుగా నమోదయింది. అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు కుంగడంతో అక్కడి ఎత్తిపోతలు నిలిచాయి. 2024 యాసంగిలో చివరి ఆయకట్టు వరి ఎండడానికి ఇదే నేపథ్యం.

సమస్యలో కొంత భాగం నీటి పరిమాణానిది, మిగిలినది పంట ఎంపికది. యాసంగి వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు అవసరమనుకుంటే ఎకరాకు దాదాపు 4,850 ఘనపు మీటర్లు కావాలి. ఒక టీఎంసీ 2.83 కోట్ల ఘనపు మీటర్లు. కాలువ నష్టాలను మినహాయించకుండా లెక్కించినా దానితో పారేది 5,800 ఎకరాలే. 450 మిల్లీమీటర్లు చాలే ఆరుతడి పంట వేస్తే అదే నీరు సుమారు 15,500 ఎకరాలకు సరిపోతుంది. చెల్క నేలల్లో ఇంకుడు ఎక్కువ కనుక వరి విషయంలో వాస్తవ అంతరం ఇంకా పెద్దది.

అయితే రైతు వరినే ఎంచుకోవడాన్ని అవివేకమనలేము. మద్దతు ధరకు కొనుగోలు ఖాయంగా కనిపించే పంట అది. పైగా ఎగువ మడి వరి అయినప్పుడు ఊట నీటితో దిగువ మడిలో వేరుశనగ నిలవదు. ఒక్క రైతు మారినంత మాత్రాన ఫలితం ఉండదు. తూము కింది రైతులంతా కలిసి మారాలి.

ఈ సందర్భంలో శ్రీలంకలోని ‘బెత్మ’ ఆచారం గమనార్హం. కరువు కాలంలో చెరువుకు దగ్గరి పొలాన్ని మాత్రమే సాగుకు తీసుకొని, ఆ ఒక్క కారుకు రైతులందరికీ పంచుతారు. హద్దులు చెరగవు, హక్కులు మారవు. తెలంగాణ చెరువుల కింద నీరటి ఉండేవాడు. పంపకం అతని చేతి మీదుగా సాగేది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు ఇటువంటి బాధ్యతనే అప్పగించింది. కాగితంపై అప్పగించిందనడమే సమంజసం.

నిర్ణయ సమయం మరింత కీలకమైనది. నాట్లు పడ్డాక ప్రకటించే వారబందీ పంటను కాపాడలేదు. చిరుపొట్ట దశలో ఒక తడి తప్పినా గింజ తాలుపోతుంది. జలాశయ నిల్వలు వానకాలం ముగిసేసరికే తెలుస్తాయి. కనుక ఏ తూముకు ఎన్ని తడులు అందుతాయో నారుమడి పోయకముందే, విత్తనం కొనకముందే ఊరికి తెలియాలి.