బండి మీద బంగారుపేటకు... రైల్లో ఇంటర్వ్యూకు!

తెల్లవారుజాము నాలుగున్నర. బేతమంగళం అవతల, వి.కోట సరిహద్దుకు దగ్గరగా ఓ పల్లె. కొట్టంలో బల్బు వెలుగుతోంది. తండ్రి పాలు పితుకుతున్నాడు. తల్లి క్యాన్లు కడుగుతోంది. రోజూ ఉండేదే. ఆ రోజు తేడా ఒక్కటే... పాల క్యాను తగిలించే కొక్కేనికి ఓ బ్యాగు వేలాడుతోంది. అందులో ఇస్త్రీ చొక్కా, సర్టిఫికెట్ల ఫైలు, అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం.

ఆ ఇంటికి ఉన్నది ఒకటే బండి. ఆ రోజు అది డైరీకి పోదు. కొడుకును ఇంటర్వ్యూకు చేర్చాలి!

కుర్రాడికి ఇరవై మూడేళ్లు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, కేజీఎఫ్ బజారులో తమిళం. చదివింది కంప్యూటర్ సైన్స్. తన ప్రయాణం సంగతంతా మాకు చెప్పి, "పేరు మాత్రం రాయొద్దన్నా. ఉద్యోగం వచ్చినాక రాద్దురు గానీ" అన్నాడు. అలాగేనన్నాం. కోలారు జిల్లాలో, పక్కనే కుప్పం వైపున ఇలా బయలుదేరే పిల్లలున్న ఇళ్లు ఒకటీ రెండూ కావు.

మొదటిసారి ఏమైందంటే...

ఇది అతనికి రెండో ఇంటర్వ్యూ. మొదటి దానికి ఇంటి నుంచి నేరుగా బండి మీదే పోయాడు. కోలారు, నరసాపుర, హొసకోటె... హైవే మీద హాయిగానే సాగింది. కష్టమంతా హొసకోటె దాటి కాడుగోడి వైపు తిరిగాకే. లారీలు, కంపెనీ బస్సులు, నీళ్ల ట్యాంకర్లు. దానికి తోడు వాన. గంటలో పోవచ్చనుకున్న ముక్కకు రెండు గంటలు పట్టింది.

"గేటు కాడికి పొయ్యేసరికి నలభై నిమిషాలు లేటు. చొక్కా అంతా బురద. ఫైల్లోకి నీళ్లు దిగినాయి. మీ స్లాటు అయిపోయింది, మళ్లా మెయిల్ వస్తాది అని చెప్పినారు. రానే లేదు" అన్నాడు.

ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే అతను ఓడిపోయాడు. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తండ్రి మాత్రం ఒకే మాట అన్నాడు. "బండి మనల్ని స్టేషన్ దాకా తీసకపోతే చాలు రా అబ్బయా. ఆడి నుంచి రైలుంది గదా!"

గని మూసేశాక దారి చూపిన రైలు

ఆ మాట వెనక ఈ ప్రాంతం చరిత్ర ఉంది. బంగారుపేట నుంచి మారికుప్పం దాకా రైలు మార్గం 1894లో వచ్చింది, బంగారు గనుల కోసం. అప్పట్లో బంగారుపేటకు బౌరింగ్‌పేట అని పేరు. భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. వేల కుటుంబాలకు ఒక్కసారిగా పని పోయింది. ఇల్లు వదిలి పోలేనివారు తెల్లవారే రైలెక్కి బెంగళూరుకు పోయి, రాత్రికి తిరిగి రావడం మొదలుపెట్టారు. సెక్యూరిటీ గార్డులుగా, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, కట్టడాల పనుల్లో, ఆఫీసులు ఊడ్చి తుడిచే పనుల్లో కుదిరారు. గని కార్మికుల పిల్లల్లో చదువుకున్నవాళ్లు కంప్యూటర్ కొలువులకూ పోయారు. ఒకప్పుడు గనుల కోసం వేసిన పట్టాల మీదే ఇప్పుడు జనం బతుకుతెరువుకు పోతున్నారు.

బంగారుపేట నుంచి బెంగళూరు సిటీ స్టేషన్‌కు సుమారు 70 కిలోమీటర్లు. వైట్‌ఫీల్డ్ అయితే 50 లోపే. త్యాకల్, మాలూరు, దేవనగుంది... తర్వాత వైట్‌ఫీల్డ్. మన కుర్రాడి ఊరికి కేజీఎఫ్ స్టేషన్లు దగ్గరే. అయినా ఇరవై కిలోమీటర్లకు పైగా బండి తోలి బంగారుపేటకే పోయాడు. కారణం ఉంది. అది జంక్షన్. కేజీఎఫ్ బండ్లూ వస్తాయి, కుప్పం, జోలార్‌పేట వైపు నుంచి వచ్చేవీ ఆగుతాయి. ఒకటి తప్పితే ఇంకోటి ఉంటుందన్న ధైర్యం. మొదటిసారి తిన్న దెబ్బ నేర్పిన తెలివి అది.

పెట్టెలో పాఠాలు

స్టాండులో బండి పెట్టి, టోకెన్ జేబులో వేసుకుని, టికెట్ తీసుకుని ప్లాట్‌ఫాం మీదకు పరుగు. మెమూ వచ్చేసరికే నిండిపోయి ఉంది. హెల్మెట్ ఒక చేత, బ్యాగు ఇంకో చేత. ఎక్కలేక ఎక్కాడు. ఫైలు నలిగిపోతుందేమోనని గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

అది చూసి ఓ పెద్దాయన అడిగాడు. "ఏమప్పా, ఇంటర్వ్యూకా?" అవునన్నాడు. అంతే. "ఇంటర్వ్యూకు పొయ్యే బిడ్డ, రొంత జరగండమ్మా" అంటూ సీటు ఇప్పించాడు. ఆయన తండ్రి గనిలో పనిచేశాడు. ఈయన అలాంటి ఓ కంపెనీ గేటు దగ్గరే చాలా ఏళ్లుగా సెక్యూరిటీ. లోపల ఇంటర్వ్యూలు ఎలా జరుగుతాయో ఆయనకు తెలియదు. గేటు దగ్గర ఏం జరుగుతుందో మాత్రం కంఠతా వచ్చు.

"కాల్ లెటరు, ఆధార్ చేతిలోనే పెట్టుకో. బ్యాగు అడుగున పెడితే లైన్లో అందరూ నిన్ను దాటిపోతారు. ల్యాప్‌టాప్ ఉంటే దాని సీరియల్ నంబరు ముందే కాగితం మీద రాసిపెట్టుకో. గేటు కాడనే పావుగంట పోతాది. పది గంటలకంటే, తొమ్మిదిన్నరకే గేటు కాడ ఉండాల" అని చెప్పాడు. ఎదురుగా కూర్చున్న ఆమె ఓ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనికి పోతుంది. "భయపడొద్దు నాయనా. మా పాప గూడా వచ్చే ఏడాది పోవాల. లోపల వాళ్లూ మనుషులే" అంది.

వైట్‌ఫీల్డ్‌లో దిగి, వెయిటింగ్ రూంలో చొక్కా మార్చుకున్నాడు. పక్కనే మెట్రో. 2023 మార్చిలో ఈ మార్గం మొదలయ్యాక స్టేషన్ నుంచి ఐటీపీఎల్ వైపు పోవడం సులువైంది. కాడుగోడి నుంచి మూడో స్టేషన్ పట్టందూరు అగ్రహార. అక్కడి నుంచి నడక. చేతి గడియారం చూసుకుంటే తొమ్మిదీ ఇరవై!

లైన్ క్లియర్!

మొదటి రౌండ్ రాతపరీక్ష. గట్టెక్కాడు. రెండో రౌండ్‌లో ఎదురుగా ఇద్దరు. అంతా ఇంగ్లిషు. 'డెడ్‌లాక్ అంటే ఏమిటి?' అని అడిగారు. పుస్తకంలో చదివిన నిర్వచనం సగంలో ఆగిపోయింది. గొంతు ఆరిపోయింది. కాసేపు ఆగి, "మా ఊరి రైలు లైను మీద చెప్పొచ్చా సార్?" అని అడిగాడు. చెప్పమన్నారు.

మారికుప్పం లైను ఒకటే పట్టా. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చాయనుకోండి. ఇది ఉన్న పట్టా దానికి కావాలి, అది ఉన్న పట్టా దీనికి కావాలి. రెండూ కదలవు. ఎన్నాళ్లయినా అంతే. అదే డెడ్‌లాక్. మరి రైళ్లకు ఆ చిక్కు ఎందుకు రాదు? అవతలి స్టేషన్ లైన్ క్లియర్ ఇచ్చేదాకా ఇవతలి స్టేషన్ బండిని వదలదు. ప్రోగ్రాములోనూ అంతే. కావలసినవన్నీ చేతికి వస్తాయని తేలాకే పని మొదలుపెట్టిస్తే చిక్కు పడదు.

వచ్చీరాని ఇంగ్లిషులోనే చెప్పాడు. ఇద్దరిలో ఒకాయన నవ్వి, "ఎక్కడి నుంచి వచ్చావు?" అని అడిగాడు. అప్పుడు బండి సంగతీ, రైలు సంగతీ చెప్పాడు. "రోజూ ఇంత దూరం రాగలవా?" అన్న ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు రాలేదు. "మా పెట్టెలో అందరూ వస్తారు సార్" అన్నాడు చివరికి.

మీరూ పోతున్నారా?

ఇంటర్వ్యూకు పోయే మన పిల్లలకు అతను చెప్పే మాటలివి. ముందు రోజే ఒకసారి ఆ గేటు దాకా పోయి చూసి రావడం మంచిది. కుదరకపోతే, అనుకున్న బండి కంటే ఒక బండి ముందే ఎక్కండి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బండి తోలొద్దు, కవరులో పెట్టుకోండి. ఫైలుకు ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. హెల్మెట్ స్టాండులోనే బండికి తాళం వేసి పెట్టండి, రైల్లో అది పెద్ద బరువు. ఫోను ముందు రాత్రే ఛార్జి చేసుకోండి, కాల్ లెటర్ కాగితం మీద కూడా తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యం... పెట్టెలో పక్కవాళ్లతో మాట్లాడండి. ఆ దారి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రాత్రి తొమ్మిదిన్నరకు...

తిరుగు రైల్లో నిలబడే వచ్చాడు. బంగారుపేట స్టాండులో టోకెన్ ఇచ్చి బండి తీసుకుని, చీకట్లో ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. తల్లి అన్నం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ రోజు పాల క్యానును ఆమే నెత్తిన పెట్టుకుని డైరీకి నడిచి పోయింది. తండ్రి వాకిట్లోకి వచ్చాడు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడగలేదు.

"బండిలో పెట్రోలుందా? పొద్దున్నే పాలెయ్యాల" అన్నాడు.

ఉందన్నాడు కొడుకు. కాసేపటికి తండ్రే మళ్లీ అన్నాడు. "ఉద్యోగం వస్తే బండి రోజంతా స్టేషన్ కాడనే గదా ఉంటాది. ఇంకో పాత బండి ఏదన్నా దొరుకుతాదేమో సంతలో అడుగుతా."

నాలుగో రోజు మెయిల్ వచ్చింది. ఇంకో రౌండ్ ఉంది, వచ్చే వారం రమ్మన్నారు. అంటే ఆ తల్లి నెత్తిన ఇంకోసారి పాల క్యాను. ఉద్యోగం వచ్చిందో లేదో ఇది రాసే నాటికి తేలలేదు. కొక్కేనికి బ్యాగు మళ్లీ తగిలించి ఉంది.