ఎండినా ఆరని ప్రాణదీపం

నీరు ప్రాణాధారం. నీరందని పైరు వాడిపోతుంది. మానవదేహంలో నీటిపాలు కొద్దిగా తగ్గినా ప్రాణం మీదికి వస్తుంది. అటువంటిది, ఒంటిలోని నీరంతా ఇగిరిపోయి ధూళికణాలవలె పడి ఉండి, ఏళ్ళ తరువాత నాలుగు చినుకులు తగలగానే తిరిగి కదలాడే ప్రాణులున్నాయంటే ఆశ్చర్యం కలుగక మానదు.

ఈ వింతను మొదట గమనించినవాడు హాలెండ్ దేశీయుడైన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. ఆయన 1702లో డెల్ఫ్ట్ నగరంలో ఇంటికప్పు నీరు పారే తూములో ఎండి ఉన్న మట్టిని సేకరించి, దానికి నీరు కలిపి సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. గంట గడిచేలోగా రోటిఫర్లనే ప్రాణులు అందులో ఈదసాగాయి. 1776లో ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజాని ‘టార్డిగ్రేడ్’ అనే మరొక ప్రాణిలోనూ ఈ శక్తిని గుర్తించాడు. నాచులో నివసించే ఈ ఎనిమిది కాళ్ళ జీవి సాధారణంగా మిల్లీమీటరు పొడవు మించదు. నడకను బట్టి దీనికి ‘నీటి ఎలుగుబంటి’ అనే పేరు కూడా వచ్చింది.

పోయిన ప్రాణం తిరిగి రాదు కదా! అందువల్ల ఈ జీవులు నిజంగా ఎండిపోలేదని కొందరు పండితులు వాదించారు. ఫ్రాన్సులో ఈ వివాదం తీవ్రరూపం దాల్చగా, పారిస్‌లోని జీవశాస్త్ర సంఘం పాల్ బ్రోకా మొదలైన వారితో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. ఈ ప్రాణులను 82 రోజులు తేమలేని శూన్యంలో ఉంచి, ఆపైన అరగంటసేపు 100 డిగ్రీల వేడిలో ఉంచినా కొన్ని తిరిగి కోలుకోగలవని ఆ సంఘం 1860లో ప్రకటించింది.

ఇది ఎలా సాధ్యం? కణంలోని నీరు పోతే సాధారణంగా ప్రోటీన్లు రూపం కోల్పోతాయి, కణపొరలు ఒకదానికొకటి అతుక్కుని చిరిగిపోతాయి. మళ్ళీ నీరు పోసినా ఆ నష్టం తీరదు. నీటి ఎలుగుబంటి మాత్రం ఎండ ముదురుతున్నకొద్దీ కాళ్ళు లోపలికి ముడుచుకుని చిన్న పీపావలె మారుతుంది. ఈ ఏర్పాటుకు కొంత వ్యవధి కావాలి. హఠాత్తుగా ఎండబెడితే అదీ మరణిస్తుంది.

ఆఫ్రికాలో వాననీటి గుంటలలో పెరిగే ఒక ఈగజాతి పిల్లపురుగు ఎండేటప్పుడు ‘ట్రెహలోజ్’ అనే చక్కెరను విస్తారంగా తయారుచేసుకుంటుంది. ఆ చక్కెర నీటి స్థానాన్ని ఆక్రమించి, ముదురుపాకం చల్లారి గాజువలె గట్టిపడినట్లుగా కణభాగాలను ఎక్కడివక్కడ నిలిపి ఉంచుతుంది. ఈ పురుగు 17 సంవత్సరాల తరువాత కూడా కోలుకున్నట్లు నమోదైంది. నీటి ఎలుగుబంట్లలో ఈ చక్కెర స్వల్పమే. వాటిని ప్రత్యేకమైన ప్రోటీన్లు కాపాడుతున్నాయని 2017లో వెల్లడైంది.

ఈ విద్య మానవునికీ ఉపకరిస్తున్నది. ఉప్పునీటి సరస్సులలో జీవించే ఆర్టీమియా గుడ్లు ఎండిన స్థితిలో డబ్బాలలో దేశాలు దాటి వస్తాయి. ఆంధ్ర తీరంలోని రొయ్యపిల్లల కేంద్రాలలో వాటిని ఉప్పునీటిలో వేసి పొదిగించి, రొయ్యపిల్లలకు మేతగా వేస్తారు. ఎండబెట్టి నిలువచేయడంలోని మేలును వైద్యరంగమూ చవిచూసింది. ద్రవరూపంలో వేడికి త్వరగా చెడిపోయే మశూచి టీకాను 1950లలో నిలువ ఉండే పొడిగా మార్చగలిగారు. మంచుపెట్టెలు లేని పల్లెలకు ఆ పొడి చేరింది. 1980లో మశూచి ప్రపంచం నుండి తొలగిపోయిందని ప్రకటించారు. నేటికీ అనేక టీకాలు శీతల వసతి లేక వృథా అవుతున్నాయి. ఎండినా చెడని కణరహస్యం పూర్తిగా అవగతమైతే ఎందరో పసిపిల్లల ప్రాణాలు నిలుస్తాయి.

1959లో డేవిడ్ కీలిన్ ఈ స్థితికి ‘గుప్తజీవనం’ అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. ఇది నిద్ర కాదు. నిద్రలో శ్వాస ఆడుతుంది. ఇక్కడ జీవక్రియల జాడే కనిపించదు. ఇది మరణమూ కాదు. తీగలు తెగని వీణ మౌనంగా ఉన్నా వీణే, మీటితే మళ్ళీ పలుకుతుంది. ప్రాణమంటే కదలిక మాత్రమే కాదు, ఆ కదలికకు ఆధారమైన అమరిక కూడా. అమరిక చెదరనంతవరకు జీవం తిరిగి చిగురించే అవకాశం ఉంటుందని ఈ అల్పప్రాణులు చాటుతున్నాయి.