సూది వెనక 47 కిలోఓములు

1973లో అమెరికాలోని ఎవాన్‌స్టన్‌లో ఉన్న షూర్ కంపెనీ వీ15 టైప్ 3 అనే కార్ట్రిడ్జ్‌ను తెచ్చింది. టర్న్‌టేబుల్ చేతి చివర బిగించే, వేలెడంత కూడా లేని వస్తువు. ఇది సరిగా పలకాలంటే వెనక 47 కిలోఓముల రెసిస్టెన్స్, మొత్తం 400 నుంచి 500 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉండాలని కంపెనీ చెప్పింది. మొదటి అంకెతో ఇబ్బంది లేదు, దాదాపు ప్రతి ఆంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్‌లోనూ అదే ఉంటుంది. తంటా అంతా రెండో దానితోనే.

అంతకుముందు తరం సూదులకు ఈ బెడద ఇంకో రకంగా ఉండేది. రోషెల్ లవణపు స్ఫటికాన్ని సూది వంచితే కరెంటు పుట్టేది. వోల్టేజీ బాగా వచ్చేది, ఆంప్లిఫయర్‌కు పని తక్కువ. కానీ దాని వెనక పది లక్షల ఓములు, అంటే ఒక మెగాఓమ్ స్థాయి లోడ్ కావాలి. తక్కువైతే మంద్రస్వరాలు పలచబడతాయి. పైగా ఆ లవణానికి తేమ పడదు, ఎండ పడదు. తర్వాత వచ్చిన సెరామిక్ రకం ఆ బాధ తప్పించింది. నాణ్యత కోరినవాళ్లు మాత్రం అయస్కాంతం వైపు మళ్లారు. గాడిలో సూది కదిలితే చిన్న అయస్కాంతం ఊగుతుంది, పక్కనున్న తీగచుట్టలో కొన్ని మిల్లీవోల్టులు పుడతాయి. దీన్నే మూవింగ్ మాగ్నెట్ అంటారు. దీనికి 47 కిలోఓములు ఆనవాయితీ అయింది. 47లో మర్మమేమీ లేదు, రెసిస్టర్లు తయారుచేసే ప్రామాణిక వరసలో 39కి, 56కి మధ్య వచ్చే విలువ, అంతే.

వేల చుట్ల సన్నతీగ కాబట్టి దాని ఇండక్టెన్స్ ఎక్కువ. టైప్ 3లో అది 500 మిల్లీహెన్రీలు. చేతిలోని తీగలకు, కేబుల్‌కు, ప్రీఆంప్ ఇన్‌పుట్‌కు ఉన్న కెపాసిటెన్స్ అంతా కలిసి దానికి తోడవుతుంది. ఈ రెండూ చేరిన చోట అనునాదం పుడుతుంది. ఉయ్యాలను దాని లయలోనే తోస్తే ఎలా ఎత్తుకు లేస్తుందో, ఆ ఒక్క పౌనఃపున్యం దగ్గర సంకేతం అలా పైకి లేస్తుంది. ఎంత లేవాలో 47 కిలోఓములు అదుపు చేస్తాయి. లెక్క కడితే, 450 పికోఫారడ్లతో టైప్ 3 అనునాదం 10.6 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. 200 పికోఫారడ్లు పెడితే దాదాపు 16 కిలోహెర్ట్జ్‌కు జరుగుతుంది.

అయితే 16 దగ్గరే మంచిది కదా, వినికిడి అంచుకు పోతుంది అనిపిస్తుంది. టైప్ 3 విషయంలో కాదు. సూదికీ దాన్ని మోసే కాడకూ తమదైన యాంత్రిక అనునాదం ఉంది. దానికి కిందనున్న స్వరాల్లో స్పందన కాస్త కుంగుతుంది. ఆ పల్లాన్ని పూడ్చడానికి షూర్ ఇంజనీర్లు విద్యుత్ అనునాదపు గుట్టను కావాలనే వాడుకున్నారు. కేబుల్ కెపాసిటెన్స్ తక్కువైతే పల్లం పల్లంగానే మిగిలి, కార్ట్రిడ్జ్ మందకొడిగా పలుకుతుంది.

ఇప్పుడు ఆడియో టెక్నికా వీఎం95ఈ చూడండి. ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు, షూర్‌కు దగ్గరే. అయినా తయారీదారు అడిగేది 100 నుంచి 200 పికోఫారడ్లే. యాంత్రిక భాగం వేరు కనక అవసరమూ వేరు. దీన్ని 400 పికోఫారడ్లకు కట్టేస్తే 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల అక్కరలేని గుట్ట లేస్తుంది, ఆపైన అంతా జారిపోతుంది. పి. సుశీల పాట వేస్తే 'స', 'శ' పలికిన ప్రతిసారీ చెవిలో గుచ్చుకుంటుంది. వినేవాడు కార్ట్రిడ్జ్‌ను తిడతాడు. నా అంచనాలో ఫలానా కార్ట్రిడ్జ్ కీచుమంటుంది, ఫలానాది మొద్దుగా ఉంటుంది అనే తీర్పుల్లో చాలా వాటికి నిందితులు కేబుళ్లే.

47 ఆనవాయితీని గట్టిగా కదిలించింది 1970ల మొదట్లో జపాన్ కంపెనీ జేవీసీ తెచ్చిన సీడీ-4 నాలుగు చానెళ్ల రికార్డు. ముందు, వెనక చానెళ్ల మధ్య తేడాను 30 కిలోహెర్ట్జ్ వాహక తరంగం మీద ఎక్కించారు. అంత పైవరకూ సంకేతం చేరాలంటే కెపాసిటెన్స్ బాగా తగ్గించి, లోడ్‌ను 100 కిలోఓములకు పెంచాలి. నాలుగు చానెళ్ల మోజు కొన్నేళ్లకే చల్లారింది. దానికోసం షిబాటా అనే ఇంజనీరు రూపొందించిన సూది ఆకారం మాత్రం నేటికీ అమ్ముడవుతోంది.

అయస్కాంతం కదలకుండా తీగచుట్టే కదిలే మూవింగ్ కాయిల్ రకం కథ వేరు. డెన్మార్క్ ఆర్టోఫోన్ వారి ఎస్‌పీయూ 1959 నాటిది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేతో కలిసి డెనాన్ చేసిన డీఎల్-103 1960లది. చుట్లు కొద్ది, ఇండక్టెన్స్ మైక్రోహెన్రీల్లో. 20 మైక్రోహెన్రీలకు 200 పికోఫారడ్లు చేరినా అనునాదం 2.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అది పాటకు తగలదు, ప్రీఆంప్‌ను ఇబ్బంది పెడితే పెట్టవచ్చు. కాబట్టి ఇక్కడ కెపాసిటెన్స్ లెక్క అంత ముఖ్యం కాదు, ఓముల లెక్క చూసుకోవాలి. డీఎల్-103 చుట్ట నిరోధం 40 ఓములు. దానికి 100 ఓముల లోడ్ పెడితే 71 శాతం వోల్టేజే మిగులుతుంది, అంటే దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. లోడ్ మార్చగానే పాట 'మెత్తబడింది' అని మురిసేవాళ్లు ముందు వాల్యూమ్ సరిచేసి మళ్లీ వినాలి. ఆ తర్వాత తేడా వినిపిస్తే మాట్లాడుకోవచ్చు. ఒకటికి పది ట్రాన్స్‌ఫార్మర్ వాడితే నిష్పత్తి వర్గంతో భాగించాలి: వెనకనున్న 47 కిలోఓములు కార్ట్రిడ్జ్‌కు 470 ఓములుగా కనిపిస్తాయి.

మూవింగ్ మాగ్నెట్ వాడేవాళ్లు కొత్త కార్ట్రిడ్జ్‌కు డబ్బు పెట్టేముందు కేబుల్ రెండు కొసలూ ఊడదీసి, కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడండి. ప్రీఆంప్ పుస్తకంలో ఉన్న అంకెను, చేతిలోని తీగల కోసం మరికొంతను దానికి కలపండి. తయారీదారు చెప్పినదానికంటే మొత్తం తక్కువైతే ప్రీఆంప్ ఇన్‌పుట్ దగ్గర చిన్న కెపాసిటర్ చేర్చవచ్చు. ఎక్కువైతే కేబుల్ పొట్టిది చేయండి, లేదా తక్కువ కెపాసిటెన్స్ ఉన్నది వేయండి. కొత్త కార్ట్రిడ్జ్ సంగతి ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.